పనికి అనుకూల సమయము ఎప్పుడు?

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1-7, సామెతలు 31:10-31, లూకా 14:28-30, యాకోబు 4:13-17.
కంఠస్థము చేయవలసినది: ప్రసంగి 11:6.



కైకలూరునకు సమీపమున ఆటపాక చెరువు గట్టుమీద నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. ప్రతి సంవత్సరము వానలు వెనుకబడి చలి మొదలగు దినములలో గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును గుంపులుగా వచ్చి గూళ్ళు కట్టుకొనును. చెట్లు చాలనిచోట అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలమీదనైనను పుల్లలు పేర్చుకొనును. ఈ ఏడు పుల్లలు బాగుగా లేవు, వచ్చే ఏడు చూతము అని ఏ పక్షియు తిరిగి పోదు. ఆకాశమందలి కొంగకు తన కాలము తెలియును గాని దేవుని ప్రజలకు తెలియకపోయెనని యిర్మీయా ప్రవక్త దుఃఖించెను (యిర్మీయా 8:7). ప్రవక్త అక్కడ చెప్పినది దేవుని న్యాయవిధిని గూర్చియే. అయినను కాలమును గుర్తెరుగుట మన జీవనోపాధి విషయములోను కావలసిన గుణమే.

మన సంఘములలో అనేక కుటుంబములవారు ఏదో ఒక చిన్న వ్యాపారము పెట్టవలెనని ఏండ్ల తరబడి అనుకొనుచున్నారు. ఒకరు కుట్టు మిషను, ఒకరు టిఫిను బండి, ఒకరు కోళ్ళు, ఒకరు ఎండు చేపల బేరము. అనుకొనుట బాగుగనే యున్నది. ఆరంభించుట మాత్రము జరుగుటలేదు. ఈ నెల పాఠములో ఆ సంగతిని వాక్యపు వెలుగులో పరిశీలింతము.

1. “రేపు” అను మాట

ఒకప్పుడు మన పల్లెలలో దయ్యమునకు భయపడినవారు ఇంటి తలుపులమీద “రేపు రా” అని వ్రాసికొనిరి. అది ప్రతిరాత్రి వచ్చి ఆ వ్రాత చదివి తిరిగి పోవునట. మనము విశ్వాసులము గనుక అట్టి వ్రాతలకు నవ్వుదుము. అయితే మన యింటికి వచ్చిన మంచి ఆలోచన తిరిగి పోవునట్లు ఆ మాటనే మన మనస్సను తలుపుమీద మనమే వ్రాసికొన్నామేమో చూచుకొనవలెను. ఊడ్పులు కానిమ్ము, కోతలు కానిమ్ము, క్రిస్మసు కానిమ్ము, పిల్లల పరీక్షలు కానిమ్ము, అమ్మాయి పెండ్లి కానిమ్ము. ఒకటి అయిన వెంటనే మరియొకటి వచ్చుచునే యుండును.

ఫేలిక్సు అను అధిపతి పౌలు మాట విని భయపడి, తనకు సమయము దొరికినప్పుడు మరల పిలిపింతునని పంపివేసెను (అ.కా. 24:25). తరువాత అనేక మారులు పిలిపించి మాటలాడెను గాని, రెండేండ్లు గడచినను తాను చేయవలసినది చేయలేదు. హగ్గయి దినములలో జనులు దేవుని మందిరము కట్టుటకు ఇంకను సమయము రాలేదనిరి. వారి సొంత యిండ్లకు మాత్రము సమయము వచ్చినది (హగ్గయి 1:2-4). “సమయము రాలేదు” అనువారందరు కాలమును చూచి చెప్పువారు కారని దీనివలన తెలియుచున్నది. తమకు ఇష్టములేని మెట్టును చూచి చెప్పువారును కలరు.

ఇక్కడ ఒక తప్పు తలంపును తొలగించుకొనవలెను. వాయిదా వేయువారందరు సోమరులు కారు. తెల్లవారకముందే లేచి నాట్లకు పోయి, సాయంత్రము వచ్చి వంట చేసి, పిల్లలను పడుకొనబెట్టి, ఆ మీదట కన్ను మూయు సహోదరిని సోమరి అని ఎవరనగలరు? అయినను ఆమెయు తన చిన్న వ్యాపారమును మూడేండ్లుగా వాయిదా వేయుచుండవచ్చును. తలాంతుల ఉపమానములో తలాంతును భూమిలో దాచినవాడు తనకు తీరిక లేదని చెప్పలేదు. భయపడితినని చెప్పెను (మత్తయి 25:25). వ్యాధి పేరు భయమైనప్పుడు సోమరితనమునకు మందిచ్చిన ఏమి ప్రయోజనము?

2. ఏ మెట్టు దగ్గర ఆగితిమి?

మేమెరిగిన ఒక సహోదరి రొయ్యల పచ్చడి పెట్టుటలో నేర్పరి. సంఘములో ప్రేమవిందు జరిగిన ప్రతిసారి, “అక్కా, ఇది అమ్మితే కైకలూరు సంతలో నిలవదు” అని తోటి స్త్రీలు చెప్పుచుండిరి. ఆమె నవ్వి, “చూద్దామమ్మా” అనుచుండెను. అట్లు మూడేండ్లు గడచెను. రొయ్యలు లేకనా? కావు. మన ప్రాంతమందు రొయ్యలకు కొదువ లేదు. నూనె, కారము, పొయ్యి, చేతి నేర్పు అన్నియు ఆమెకుండెను. ఒకనాడు మేము మెల్లగా అడుగగా ఆమె ఈలాగు చెప్పెను: “పచ్చడి పెట్టడానికి భయం లేదండి. సీసా చేతిలో పట్టుకొని ఇంత ధర అని చెప్పాలంటే నోరు రాదు. మన మందిరంలో వాళ్ళే వచ్చి అడిగితే డబ్బులెలా తీసుకుంటాను?”

ఈ మాటలో మన పాఠమంతయు నున్నది. మనము వాయిదా వేయునది సాధారణముగా పనిని కాదు. ఎదుటివాడు “వద్దు” అని చెప్పుటకు అవకాశమున్న ఆ ఒక్క మెట్టును వాయిదా వేయుదుము. ధర చెప్పుట ఒకరికి కష్టము. బ్యాంకుకు పోయి అప్పు అడుగుట మరియొకరికి కష్టము. కుల వృత్తి విడిచి కొత్త పని పట్టిన ఊరివారేమందురో అని వేరొకరికి భయము. ఆ మెట్టు పేరు తెలియనంతకాలము వ్యాపారమంతయు పెద్ద కొండవలె కనబడును. పేరు తెలిసినప్పుడు అది ఒక్క ఉదయకాలపు పనియని తెలియును.

ఆ సహోదరితో కూర్చుండి మేము ఒక కాగితముమీద లెక్క వేసితిమి. ధరలు దినదినము మారును గనుక దీనిని ఉదాహరణగా మాత్రమే చూడుడి. ఒలిచిన రొయ్యలు రూ. 900, నూనె రూ. 250, కారము వెల్లుల్లి మసాలాలు రూ. 200, సీసాలు రూ. 150, గ్యాసు రూ. 100. మొత్తము రూ. 1,600. పావు కిలో సీసాలు పది వచ్చినయెడల సీసా ఒకటికి రూ. 160 పడినది. రూ. 220కి అమ్మిన పదింటిమీద రూ. 600 మిగులును. అందులోనే ఆమె కూలియు ఉన్నది. ఇప్పుడు రెండు సీసాలు అరువు పోయి రాకపోయిన యెడల రూ. 440 పోయి, మిగులునది రూ. 160 మాత్రమే. అనగా మొగమాటము చేత ఇచ్చిన రెండు సీసాలు ఒక దినపు కష్టమును మ్రింగివేసెను. లెక్క చూచిన తరువాత ఆమె, “అయితే అరువు లేదని మొదటే చెప్పాలండి” అనెను. మూడేండ్లుగా రాని మాట ఆ కాగితము చూడగానే వచ్చెను.

ధర చెప్పుట పాపము కాదు. సామెతలు 31వ అధ్యాయములోని గుణవతి బట్టలు నేయుటతో ఆగలేదు. వాటిని అమ్మెను, వర్తకులకు నడికట్లను అప్పగించెను (24వ వచనము). తన వర్తకము లాభకరమైనదని ఆమెకు తెలియును (18వ వచనము). తెలియుట అనగా లెక్క చూచినదని అర్థము. తుయతైర పట్టణపు లూదియ ఊదారంగు వస్త్రములు అమ్మునది, ఆమె యింటనే పౌలునకు బస దొరికెను (అ.కా. 16:14-15). ఆమె బేరము ఆమె భక్తికి అడ్డము కాలేదు.

3. చేతి పని ఒకరిది, అమ్మకము మరియొకరిది

మనకు దూరముకాని నర్సాపురపు లేసు అల్లిక ఈ విషయములో మంచి పాఠము నేర్పును. 1840ల ప్రాంతమున గోదావరి డెల్టాలో పనిచేసిన మిషనెరీలు క్రైస్తవ స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. పెట్టుబడి ఎంత? కొక్కెము గల ఒక చిన్న సూది, ఒక దారపు ఉండ. అరుగుమీద కూర్చుండి, బిడ్డను ఒడిలో పెట్టుకొని చేయదగిన పని. అంత చిన్నగా ఆరంభమైనది క్రమముగా క్రైస్తవేతర కుటుంబములకును వ్యాపించి, సముద్రము దాటి ఇతర దేశములకు పోయెను. 2024లో నర్సాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

అయితే ఈ కథకు రెండవ ప్రక్క ఉన్నది. మరియా మీస్ అను జర్మను పండితురాలు నర్సాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. దినమంతయు అల్లు స్త్రీకి చిక్కినది బహు స్వల్పమనియు, లాభము వర్తకులకు చేరెననియు ఆమె చూపెను. ఇంటిలో కూర్చుండి తీరిక వేళ చేయు పని యని పేరు పెట్టుటవలన ఆ కష్టమునకు తగిన వెల కట్టబడలేదు.

ఇందుకు ఆ తల్లులను మనము తప్పుపట్టకూడదు. వారికి సంత తెలియనియ్యలేదు. కాని మనము దీనినుండి నేర్చుకొనవలెను. చేయుట నేర్చుకొని అమ్ముట వాయిదా వేసినయెడల, ఆ ఖాళీ స్థలములోనికి మరియొకడు వచ్చి కూర్చుండును. మన చేతి పని మనదే. దాని వెల మాత్రము అతడు నిర్ణయించును.

4. ఆలస్యము వేరు, ఆలోచన వేరు

“ఆలస్యము అమృతము విషము” అని మన పెద్దలు చెప్పిరి. “నిదానమే ప్రధానము” అనియు వారే చెప్పిరి. ఏది నమ్మవలెను? రెండును నమ్మవలసినవే, గాని దేని చోట దానిని ఉంచవలెను.

దీనికి మన కొల్లేరే సాక్షి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లముగా నున్న ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దిగును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. 1970ల నడిమి కాలమున ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకు చేపల చెరువులు ఏర్పాటుచేసెను. బొచ్చె, శీలావతి చేపలు ఐసులో లారీలెక్కి బెంగాలు వరకు పోయెను. ఆ లాభమును చూచి పెట్టుబడి గలవారు దూరమునుండి వచ్చి సరస్సు కడుపులోనే గట్లు వేసిరి. 1999లో ప్రభుత్వము 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల భూమిని అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలగా చేరెను. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ సిఫారసుమీద, అభయారణ్యములోని చెరువుల గట్లను తెగగొట్టిరి. అప్పు తెచ్చి పెట్టిన సొమ్ము నీటిపాలాయెను. ధనవంతుడు మరియొక చోటికి పోయెను. పేదవాడు అప్పుతో ఇక్కడనే మిగిలెను.

అట్టి గట్లు వేసినవారు ఆలస్యము చేసినవారు కారు, వేగిరపడినవారు. ఈ భూమి ఎవరిది, ఈ నీరు ఎక్కడికి పోవలెను, చట్టము ఏమనుచున్నది అను ప్రశ్నలు వారికి అడ్డము తగలలేదు. కావున చెరువు కౌలుకు తీసికొనుటకు ముందు, రోడ్డు ప్రక్క కొట్టు వేయుటకు ముందు, తినుబండారములు అమ్ముటకు ముందు, అడుగవలసినవారిని అడుగవలెను. భూమి కాగితము చూడవలెను. ఆహార పదార్థములకు కావలసిన రిజిస్ట్రేషను చేయించుకొనవలెను. ఇది అవిశ్వాసము కాదు. గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువే చెప్పెను (లూకా 14:28).

అయితే ఒక్క మాట గమనింపుడి. ప్రభువు చెప్పిన ఆ మనుష్యుడు కూర్చుండినది లెక్క కొరకు. లెక్క ముగిసిన తరువాత లేవవలెను. లెక్క ముగిసినను కూర్చుండియేయున్నయెడల దానికి ఆలోచన అని పేరు పెట్టరాదు. ఎట్లు గుర్తుపట్టుదుము? ఆలోచించువాడు ఈ వారము నిరుటి వారముకంటె ఒక సంగతి ఎక్కువ తెలిసికొని యుండును. వాయిదా వేయువాడు మూడేండ్ల క్రిందట చెప్పిన మాటనే నేడును చెప్పుచుండును.

5. పాత్రలు ఇచ్చిన పొరుగువారు

ఇప్పుడు 2 రాజులు 4వ అధ్యాయము తీయుడి. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అప్పు మిగిలెను. అప్పులవాడు ఇద్దరు బిడ్డలను దాసులుగా తీసికొనిపోవ వచ్చియుండెను. ఎలీషా ఆ విధవరాలిని నీ యింటిలో ఏమున్నదని అడిగెను. లేనిదానిని అడుగలేదు, ఉన్నదానిని అడిగెను. నూనె కుండ ఒకటి తప్ప ఏమియు లేదని ఆమె చెప్పెను. ఆయన ఆమెను పొరుగువారియొద్దకు పోయి వట్టి పాత్రలు ఎరువు తెమ్మనెను, కొద్ది కాదు, అనేకము తెమ్మనెను. నూనె నిండిన తరువాత, అమ్మి అప్పు తీర్చి మిగిలినదానితో బ్రదుకుమనెను.

ఆ అద్భుతము దేవునిది. కాని ఆమె వీధిలోనికి పోయి ఇంటింట పాత్ర అడుగవలసి వచ్చెను. అప్పులపాలైన విధవరాలికి అది ఎంత కష్టమైన మెట్టో ఆలోచింపుడి. ఆ మెట్టు ఆమె ఎక్కెను. పొరుగువారును “రేపు రా” అనలేదు. వారు పాత్రలు ఇయ్యకపోయినయెడల నూనె దేనిలో పోసియుండును?

ఇక్కడ మేము మా తప్పును ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు బస్సులు ఆగు చోట ఇడ్లీ బండి పెట్టుకొందునని మాయొద్దకు వచ్చెను. ఆమె చదువుకొనలేదు. అప్పు కాగితము వ్రాసిపెట్టి, తనతో బ్యాంకు వరకు రమ్మని మమ్మును అడిగెను. ఆదివారము పోనిమ్మంటిమి. ఆ తరువాత క్రిస్మసు పనులు వచ్చెను. ఆ తరువాత కోతకాలపు పండుగ అంటిమి. మేము సోమరులము కాము. ఆ దినములన్నియు మేము మందిరపు పనిలోనే యుంటిమి. ఆమె మూడు మారులు వచ్చి, నాలుగవ మారు రాలేదు. రోజువారీ వడ్డీ ఇచ్చువానియొద్ద అప్పు చేసెను. కాగితముమీద రూ. 10,000, చేతికిచ్చినది రూ. 8,500, దినమునకు వందచొప్పున నూరు దినములు కట్టవలెను. ప్రతి ఉదయము ఆమె బండిమీద వచ్చిన మొదటి వంద రూపాయలు అతని సంచిలోనికి పోయెను.

మేము సిగ్గుపడి కాగితము పట్టుకొని పోయినప్పుడు ఆమె, “పర్వాలేదండి అయ్యగారూ, బండి నడుస్తోంది. ఇక కాగితం అక్కరలేదులెండి” అనెను. ఆ మాటలో నింద లేదు. అందుచేతనే అది మమ్మును ఇప్పటికిని పొడుచుచున్నది. ఇయ్యగలిగినది చేతనుండగా పొరుగువానితో రేపు రమ్మనవద్దని సామెతలు 3:28 చెప్పుచున్నది. రేపు ఫలాని పట్టణమునకు పోయి వ్యాపారము చేసి లాభము సంపాదింతుమని అతిశయపడువారిని యాకోబు గద్దించి, వెంటనే, మేలు చేయ నెరిగియు చేయనివానికి అది పాపమని ముగించెను (4:13-17). ఆ రెండు మాటలు ఒక్క చోట ఎందుకు ఉన్నవో ఆ దినమున మాకు బోధపడెను. రేపటిమీద మనకు అధికారము లేదు. కావున నేటి మేలును రేపటికి అప్పగించుటకును మనకు అధికారము లేదు.

ఆ విధవరాలు తన మెట్టు ఎక్కెను. పాత్ర ఇయ్యని పొరుగువారము మేమే.

6. ఈ నెల చేయదగిన పనులు

ఒకటి: మీరు వాయిదా వేయుచున్న మెట్టు ఏదో ఒక్క వాక్యములో కాగితముమీద వ్రాయుడి. “వ్యాపారము పెట్టవలెను” అని వ్రాయవద్దు. “బ్యాంకు మేనేజరును కలిసి అడుగవలెను”, “సీసా ధర చెప్పవలెను” అని వ్రాయుడి.

రెండు: దానికి ఒక తేదీ పెట్టి, ఒక తోడును ఏర్పరచుకొనుడి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపెను (మార్కు 6:7). ఒంటరిగా బ్యాంకు మెట్లు ఎక్కలేని సహోదరి మరియొక సహోదరితో ఎక్కగలదు.

మూడు: ఇంట ఉన్నదానితో మొదట కొద్దిగా చేయుడి. పది సీసాలు, ఇరువది ఇడ్లీలు, ఐదు కోళ్ళు. నష్టము వచ్చినను పిల్లల అన్నము పోనంత మాత్రమే పెట్టుడి. పని చిన్నగా ఆరంభమైన దినమును తృణీకరింపవద్దని జెకర్యా 4:10 మనకు నేర్పుచున్నది.

నాలుగు: అప్పు అవసరమైనయెడల వెలుగులో తీసికొనుడి. డ్వాక్రా సంఘములో ఉన్నవారు తమ సంఘము ద్వారా బ్యాంకు అప్పును గూర్చి అడుగవలెను. 2015లో ఆరంభమైన ముద్రా పథకమున శిశు అను తరగతిలో రూ. 50,000 వరకు చిన్న వ్యాపారములకు తాకట్టు లేకుండ అప్పు ఇచ్చు ఏర్పాటు కలదు. వడ్డీ ఎంత, వాయిదా ఎంత, చేతికి వచ్చునది ఎంత అని అడిగి తెలిసికొనకుండ వ్రేలిముద్ర వేయవద్దు.

ఐదు: అమ్మిన డబ్బును ఇంటి డబ్బుతో కలుపక వేరు డబ్బాలో ఉంచుడి. దినమునకు ఒక్క గీటైనను లెక్క వ్రాయుడి. చదువురాని తల్లికి ఆదివారపు బడి పిల్లలు వ్రాసిపెట్టవలెను.

వీటన్నిటి తరువాతను నష్టము రావచ్చును. నమ్మినవాని అంగడి ఎల్లప్పుడు నిండునని దేవుడు ఎక్కడను వాగ్దానము చేయలేదు. ప్రసంగి 11:6 చూడుడి. ఉదయమున విత్తుమనియు సాయంత్రమును చేయి వెనుకదీయవద్దనియు చెప్పుటకు అక్కడ ఇచ్చిన కారణమేమి? ఏది ఫలించునో మనకు తెలియదు. తెలియదు గనుక ఆగుమని వాక్యము చెప్పుటలేదు, తెలియదు గనుకనే విత్తుమని చెప్పుచున్నది.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరైన పని ఆరంభింపగోరి ఆగియున్నారా? వారు ఆగిన మెట్టు ఏది?
2. తోటి విశ్వాసి అంగడిలో అరువు అడుగుట, ధర తగ్గించుమని మొగమాటపెట్టుట ప్రేమయా?
3. కాగితము చదువగలవారు, బ్యాంకుకు తోడు పోగలవారు మనలో ఎవరు? వారి పేర్లు ఈ ఆదివారమే వ్రాసికొందమా?

ప్రార్థన

ప్రభువా, మా చేతిలో ఉన్నదానిని చూచుటకు కన్నులిమ్ము. భయమునకు జాగ్రత్త అని పేరు పెట్టి నిన్ను మోసగింపజూచిన మమ్మును క్షమించుము. మా గుమ్మమునొద్దకు వచ్చిన సహోదరిని రేపు రమ్మని పంపివేసిన పాపమును క్షమించుము. ఈ దినము నీవిచ్చినది. దీనిలో చేయవలసినది చేయుటకు మాకు ధైర్యమును, తోడును దయచేయుము. ఆమేన్.